మీడియం అడ్డం కాదు

"ఇంగ్లీష్ మీడియం కదా, తెలుగు అంతగా రాదు" అని మన క్లాసులో చాలామంది అంటుంటారు. నేనైతే ఒప్పుకోను. నాకిష్టమైన ఇద్దరు వాగ్గేయకారులే అందుకు కారణం.

త్యాగరాజస్వామి (1767–1847) పుట్టింది తిరువారూరులో, ఉన్నది తిరువయ్యారులో. రెండూ తమిళనాడులోవే. అయినా ఆయన కృతులు ఎక్కువ భాగం తెలుగే. "వాళ్లింట్లో తెలుగే కదా" అంటారేమో. మరి శ్యామశాస్త్రిగారి మాతృభాష తమిళం. ఆయన కూడా ఎక్కువగా తెలుగులోనే రాశారు! చుట్టూ ఏ భాష ఉన్నా, కావాలనుకుంటే తెలుగు వస్తుందన్నమాట.

మా అమ్మమ్మ సంగీతం నేర్చుకోలేదు. రేడియోలో విన్న కీర్తనలే బియ్యంలో రాళ్లు ఏరుతూ పాడుకునేది. పక్కన కూర్చుని "ఆ మాటకి అర్థమేంటి అమ్మమ్మా?" అని అడిగేదాన్ని. చేట పక్కన పెట్టి మరీ చెప్పేది. నాకొచ్చిన తెలుగులో సగం అలా వచ్చిందే. ఇప్పుడు అమ్మమ్మ లేదు. శ్యామశాస్త్రిగారి ఆనందభైరవి వింటూ తెలియని మాట దగ్గర ఆగితే, నిఘంటువు తీస్తున్నాను. అర్థం దొరుకుతుంది కానీ, అమ్మమ్మ చెప్పినట్టు ఉండదు.

సెమిస్టర్‌కో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ నేర్చుకునేవాళ్లం, ఒక్క కృతికి అర్థం తెలుసుకోలేమా? ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వాళ్లు ఉన్నప్పుడే అడగాలి.