కుళ్ళెడి చెత్త – కుళ్ళని సంచి

సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును ప్రభుత్వము 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది. దేశమున ఈ గౌరవమందిన మొదటి జలాశయమదియే. అట్టి చెరువునకు ప్లాస్టికు సంచి శత్రువు. పారవేసినవారు మరచినను అది నశింపదు.

ఇందులకు ఉపాయమును సూక్ష్మజీవులే చూపినవి. 1926లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారిస్ లెమోయిన్ బాక్టీరియాలో పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్ అను పదార్థమును కనుగొనెను. ఆహారము సమృద్ధిగానుండి నత్రజని కొరవడినప్పుడు, రైతు గాదెలో ధాన్యమును దాచినట్లు, బాక్టీరియా దానిని తమ కణములలో నిలువచేసికొనును. కూరగాయల తొక్కలను, మిగిలిన అన్నమును పులియబెట్టగా వచ్చు ఆమ్లములు వానికి ఆహారము. ఆ పదార్థముతో చేసిన సంచి మట్టిలో చేరినచో, ఇతర సూక్ష్మజీవులు దానిని తిని బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను మార్చును.

ఐనను ఇది పెట్రోలియము ప్లాస్టికుకంటె ఖరీదైనది. గాజుపెంకులు, రసాయనములు కలిసిన చెత్త బాక్టీరియాకు పనికిరాదు. తడిచెత్తను, పొడిచెత్తను ఇంటనే వేరుచేయనిచో శాస్త్రజ్ఞుల శ్రమ వ్యర్థమగును. కుళ్ళునుగదా యని ఆ సంచిని చెరువులో విసరుటయు తగదు. అది ఒక్కనాట కరగదు. కావున కొత్త సంచికంటె ముందు కొత్త అలవాటు రావలెను. బాలబాలికలు ఈ పనిని నేడే తమ యింట మొదలిడవచ్చును.