ఆ రాయిని కదిలించకండి

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి నాగలదిన్నె వంతెనను ఊడ్చుకుపోయింది. ఆ వరదను ఆపడం మన తరం కాలేదు. ఇప్పుడు నందవరం చుట్టుపక్కల ఊళ్లలోని పాత గుళ్లకు, వీరగల్లులకు, శాసనాలకు ఉన్న ముప్పు అలాంటిది కాదు. తలచుకుంటే ఆపగలం.

మొదటి ముప్పు గుప్తనిధుల పిచ్చి. నంది కింద బంగారం ఉందని ఎవరో చెబుతారు. రాత్రికి గడ్డపారలు దిగుతాయి. తెల్లారేసరికి నంది ముక్కలవుతుంది. ముక్కలైన నందిని మళ్లీ ఎవరూ చెక్కివ్వలేరు.

ఆనవాళ్లు గమనించండి. కొత్త మనుషులు వచ్చి పాడుబడ్డ గుడి ఎక్కడ, కోట దిబ్బ ఎక్కడ అని ఆరా తీస్తున్నారా? అమావాస్య మర్నాడు గుడి వెనక నిమ్మకాయలు, కుంకుమ, పచ్చి మట్టి కనిపించాయా? గుంతలోకి దిగకండి, దేన్నీ తాకకండి. వెంటనే 112కు ఫోన్ చేయండి. అత్యాశతో నిధుల వేట ముఠాల వెంట వెళ్లే కుర్రాళ్లను ఇంట్లోవాళ్లే ఆపాలి. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాల్సిందే.

రెండో ముప్పు మన మంచితనంలోనే ఉంది. భక్తితోనే శాసనం మీద రంగు పూస్తాం, అక్షరాల మీద సిమెంటు మెత్తుతాం. జీర్ణోద్ధరణలో పాత స్తంభాన్ని బయట పారేస్తాం. రోడ్డు పనిలో అడ్డొచ్చిన వీరగల్లును జేసీబీ పక్కకు నెట్టేస్తుంది. పోరులో ప్రాణమిచ్చిన మనిషికి మిగిలిన గుర్తు ఆ ఒక్క రాయే.

రాత అర్థం కాలేదని రాయిని బట్టలుతికే బండగా వాడకండి. మన ఆదోని ప్రాంతం 1953 వరకు బళ్లారి జిల్లాలోదే. ఇక్కడి శాసనాల్లో కన్నడమూ ఉంది. మనం చదవలేకపోయినా చదివేవాళ్లున్నారు. మైసూరులో కేంద్ర పురావస్తు శాఖకు శాసన విభాగమే ఉంది.

గుత్తి, పత్తికొండల మధ్య ఎర్రగుడి బండల మీద అశోకుడి మాటలు రెండు వేల ఏళ్లకు పైగా ఎండకూ వానకూ నిలిచాయి. రాయి కాలానికి తట్టుకుంటుంది, గడ్డపారకు తట్టుకోలేదు.

అందుకే పెద్దలారా, తమ్ముళ్లారా, ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరంతా తిరగండి. బొమ్మ, రాత ఉన్న ప్రతి రాయికీ ఫోటో తీయండి. ఎక్కడుందో రాసి పంచాయతీ ఆఫీసులో ఒక ప్రతి ఇవ్వండి. లెక్కలో ఉన్న రాయి మాయమైతే అడగడానికి ఆధారం ఉంటుంది.