సొమ్ము వ్రాయు పద్ధతి

రసీదు, వోచరు, ఉపకారవేతనపు దరఖాస్తు – వీనిలో దేనియందైనను సొమ్మును వ్రాయు పద్ధతి ఒక్కటే ఉండవలెనని మా అభిప్రాయము. ఇది స్వల్ప విషయముగా తోచవచ్చును. కాని ఒక సున్న తప్పినను, ఒక చుక్క జారినను నష్టపడువాడు పేద విద్యార్థియే.

1957 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము రూపాయికి పదునారు అణాలు. రూపాయలు, అణాలు, పైలు వేరువేరు గళ్ళలో వ్రాయబడుచుండెడివి. దశాంశ పద్ధతి వచ్చిన పిదప రూపాయలను పైసలను వేరుచేయునది చుక్క యొక్కటే. కనుక 'రూ.' అను పొడి అక్షరము చుక్కను అంకెకు అంటించి వ్రాసినచో, ఏబది రూపాయలు ఏబది పైసలవలె కనిపించును. 2010 జూలై 15న ప్రభుత్వము ఆమోదించిన ₹ చిహ్నమునకు ఈ చిక్కు లేదు. దానిని అంకెకు ముందు, ఎడము లేకుండ వ్రాయవలెను: ₹1,25,000. చిహ్నమును వాడినచోట మరల 'రూ.' అనియు, చివర 'రూపాయలు' అనియు చేర్చుట అనవసరము. కామా కుడినుండి మొదట మూడంకెలకు, ఆపైన రెండేసి అంకెలకు పెట్టుట మన లక్షల లెక్కకు తగిన పద్ధతి. పైసలు లేనిచో చివర '/-' గీయవలెను. పిదప అంకె చేర్చుటకు చోటుండదు.

అంకెలకన్న అక్షరములు బలవత్తరములు. చెక్కుపై రెండింటికిని భేదము వచ్చినచో అక్షరములలో వ్రాసినదే చెల్లునని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము 18వ సెక్షను చెప్పుచున్నది. మన కళాశాలకు ఇందు మరియొక విశేషము కలదు. ఉర్దూ అక్షరములు కుడినుండి ఎడమకు సాగును. అంకెలు మాత్రము ఎడమనుండి కుడికే నడుచును. త్వరలో చదువువానికి తడబాటు సహజము. అక్షరములలో మొత్తము ఉన్నచో ఆ తడబాటు తీరును.

అందువలన కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటి. రసీదు పుస్తకములు మరల అచ్చు వేయించునపుడు 'అక్షరముల' గడిని తెలుగునకొకటి, ఉర్దూకొకటి ఉంచవలెను. అచ్చు ఖర్చు పెరుగునని కొందరనవచ్చును. ఒక గీత అధికముగా వేసినంత మాత్రమున పెరుగు ఖర్చు ఎంత? మన కరెన్సీ నోటు వెనుకనున్న పదునైదు భాషల వరుసలో తెలుగు, ఉర్దూ రెండును ఉన్నవి. నోటుపై ఉన్న మర్యాద మన రసీదుపై ఏల ఉండరాదు?

విద్యార్థి మిత్రులకును ఒక మాట. మొత్తము గడి ఖాళీగా ఉన్న కాగితముపై సంతకము చేయకుడు. అక్షరముల చివర 'మాత్రమే' అని వ్రాసి, మిగిలిన చోటును గీతతో నింపుడు. మీ సొమ్మునకు మీ వ్రాతయే తొలి కావలి.