పెద్ద కళ్ల బాక్సర్

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. మొన్న సెలవులకి మా ఇంటికొచ్చి, ఫోన్లో ఏదో ఆట ఆడుతుంటే తొంగి చూశాను. పెద్ద పెద్ద కళ్లు, గాలికెగిరే రంగురంగుల జుట్టు.

"జపాన్ వాళ్లదా?" అన్నా.

"కాదు మావయ్యా, గెన్షిన్ ఇంపాక్ట్. చైనావాళ్లది."

పక్కనే వాడి నోటుబుక్కు. అందులో వాడు గీసుకున్న బాక్సర్. అవే కళ్లు, అదే జుట్టు. నా నోరు ఊరుకోదు కదా! "జపాన్ని చూసి చైనావాడు, చైనావాణ్ని చూసి నువ్వూనా? మన మొహాలు నీ కంటికి ఆనవేమిట్రా?" అనేశాను. వాడు మాట్లాడకుండా పుస్తకం మూసి సంచిలో పెట్టేసుకున్నాడు. వారం గడిచినా మళ్లీ తియ్యలేదు.

మనసు పీకింది. వాడు అస్తమానం చెప్పే బాక్సింగ్ కథ 'అషితా నో జో' ఏమిటో చూద్దామని కూర్చున్నాను. 'రేపటి జో' అని అర్థం. 1968 నుంచి 1973 దాకా 'వీక్లీ షోనెన్ మ్యాగజైన్'లో సీరియల్‌గా వచ్చింది. కథ ఇక్కి కజివారాది, బొమ్మలు తెత్సుయా చిబావి.

ఇందులో జోకి ప్రత్యర్థి రికీషి. వీళ్లిద్దరూ ముందు ముందు రింగులో తలపడతారని చిబాకి మొదట్లో తెలీదట. అందుకని రికీషిని జో కంటే బాగా పొడుగ్గా గీసేశాడు. బాక్సింగులో బరువు కలవందే పోటీ లేదు. వేసిన బొమ్మ అచ్చయిపోయింది, వెనక్కి తీసుకోలేరు. మరేం చెయ్యాలి? కథలో రికీషి చేత కడుపు మాడ్పించారు. జో ఉన్న బాంటమ్ వెయిట్‌లోకి, అంటే యాభై మూడున్నర కిలోలకి దిగడానికి అతను తిండీ నీళ్లూ మానేస్తాడు. అర్ధరాత్రి దాహంతో కుళాయి కుళాయికీ పరిగెడితే, అన్నీ తీగలతో బిగించేసి ఉంటాయి. చివరికి పోటీలో గెలుస్తాడు, గెలిచి ప్రాణం వదిలేస్తాడు.

1970 మార్చి 24న ఆ పత్రిక ప్రచురణకర్తలైన కొదాన్షా సంస్థలో రికీషికి నిజంగానే అంత్యక్రియలు జరిపారు. దాదాపు ఏడొందల మంది వచ్చారు, కాగితం మీది మనిషి కోసం! వాళ్లు ఏడ్చింది అతని కళ్ల సైజు చూసి కాదు. ఆ దాహం వాళ్లకి తెలిసింది కనక.

అప్పుడర్థమైంది. బొమ్మల తీరు ఒక లిపిలాంటిది. లిపి ఎవరిదైనా కావచ్చు, దాంతో ఏం రాశామన్నదే లెక్క. అసలా పెద్ద కళ్లు మాత్రం పూర్తిగా జపాన్ సొంతమా? మాంగాకి దారివేసిన ఒసాము తెజుకా డిస్నీ బొమ్మలు చూసి నేర్చుకున్నవాడే. 2016లో వెనిజువెలా కుర్రాళ్లు 'వాల్‌హల్లా' అనే ఆట చేశారు. బొమ్మలన్నీ పాత జపాన్ కంప్యూటర్ ఆటల ధోరణే. కథ మాత్రం ఒక బార్లో పనిచేసే అమ్మాయిది. వచ్చేవాళ్ల గోడు వింటూ డ్రింకులు కలపాలి, నెల తిరిగేసరికి అద్దె డబ్బులు చూసుకోవాలి. తమ దేశంలో బతుకు ఎలా ఉందో అదే అందులోకి వచ్చిందని ఆ కుర్రాళ్లే చెప్పారు. దాన్ని కాపీ అని ఎలా అంటాం?

ఊరెళ్లేముందు రోజు వాణ్ని పిలిచి, "నీ బాక్సర్ బరువెంతరా?" అని అడిగాను. అనుమానంగా చూశాడు.

"ఎందుకు మావయ్యా?"

"పొద్దున్నే ఏం తిన్నాడు? ఇంట్లో ఎవరున్నారు?"

జవాబు చెప్పలేదు గానీ, రాత్రి చాలాసేపు వాడి గదిలో లైటు వెలిగింది. పొద్దున బస్సెక్కే ముందు పుస్తకం నా చేతికిచ్చాడు. రైల్వేస్టేషన్లో బరువు చూసే మిషను. దాని పక్కన విప్పిన చెప్పులు. మిషనెక్కి, ఊపిరి బిగబట్టి నిలబడ్డ కుర్రాడు. కళ్లు మాత్రం అంతే పెద్దవి.

ఈసారి కళ్ల ఊసెత్తలేదు. "తర్వాత పేజీ ఏదిరా?" అన్నాను.