లోపం యంత్రానిదా, ఒప్పందానిదా?

మా కడియంలో ఒక మిత్రుని నర్సరీలో పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉంది. సీరియల్ తీగతో లినక్స్ కంప్యూటరుకు కలిపారు. మొక్కల బిల్లులు పిచ్చిగీతలై వస్తుంటే, బాగుచేయవచ్చిన వ్యక్తి "పారేసి కొత్తది కొనండి" అన్నాడట. జవాబుపత్రం చదవకుండానే సున్నా వేయడమంటే ఇదే.

సీరియల్ మార్గంలో ఇరువైపులా ఒప్పందం కుదరాలి: వేగం, అక్షరానికి బిట్లు, పారిటీ, ఆగమని చెప్పే సంకేతం. ఒకరు కందం చెబుతుంటే మరొకరు సీసం నడకలో చదివితే పద్యం నిలుస్తుందా?

దోషమెక్కడో లక్షణమే చెబుతుంది. మొదటినుంచీ అంతా గజిబిజి అయితే ముందు వేగం, పారిటీ చూడాలి. ఆరంభం బాగుండి నడుమ పంక్తులు లోపిస్తే, ప్రింటరు ఆగమన్నది కంప్యూటరు వినలేదేమో చూడాలి. ఇంగ్లీషు సరిగా వచ్చి తెలుగే చెడితే, ప్రింటరులో తెలుగు ఖతి లేదు. అక్షరాలను బొమ్మగా మార్చి పంపాలి. యూటీఎఫ్-8లో మన ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు. పాత ప్రింటరు వాటిని మూడు వేరువేరు గుర్తులనుకుంటుంది.

ఇక్కడ ప్రింటరు వేగం 9600, కంప్యూటరుది 1200. కప్స్ అమరికలో ఆ ఒక్క అంకె దిద్దగానే బిల్లు చక్కగా వచ్చింది.

ఆ అంకెను ప్రింటరు వెనుక తెలుగులో వ్రాసి అంటించాను. కథలూ కవితలూ వ్రాస్తున్నాం, సంతోషం. ఇలాంటి సంగతులూ వ్రాయకపోతే మన భాష అలంకారంగా మిగులుతుందే కాని అక్కరకు రాదు.