విహారయాత్రలో దేనిని వదలాలి?

ఈసారి మీ బడి విహారయాత్ర విశాఖపట్నానికి అనుకోండి. చేతిలో ఉన్నవి రెండే రోజులు. చూడదగినవి ఒక కాగితం మీద వ్రాయండి: బొర్రా గుహలు, అరకులో గిరిజన మ్యూజియం, కటికి జలపాతం, సముద్రపు ఒడ్డున కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా టి.యు. 142 విమానం, కైలాసగిరి, సింహాచలం, జంతు ప్రదర్శనశాల, తొట్లకొండ బౌద్ధ శిథిలాలు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. మొత్తం పది.

ఈ పదింటిలో ఏవైనా నాలుగింటిని ఎంచుకోవటానికి 210 మార్గాలున్నాయి. ఏది ముందు, ఏది వెనుక అన్నది కూడా లెక్కిస్తే 5040. ఇన్నిటినీ పోల్చి ఉత్తమమైనదేదో తేల్చటం ఎవరి తరమూ కాదు. అందుకే చాలా బడులవారు పదీ చూద్దామంటారు. గుహలలో అరగంట, జలాంతర్గామిలో పది నిమిషాలు, తక్కిన సమయమంతా బస్సులో! దీనిని నేను యాత్ర అనను, హాజరు వేయించుకోవటం అంటాను.

ఎక్కువ వస్తువులు ఎదుట ఉంటే మనిషి ఏం చేస్తాడు? షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీని మీద చేసిన ప్రయోగాన్ని 2000లో ప్రకటించారు. కాలిఫోర్నియాలోని ఒక దుకాణంలో పండ్ల జాము రుచి చూపించే బల్ల పెట్టారు. ఒకసారి 24 రకాలు, మరొకసారి 6 రకాలు. 24 ఉన్నప్పుడు అటు వెళ్ళేవారిలో నూటికి 60 మంది ఆగారు, 6 ఉన్నప్పుడు 40 మందే ఆగారు. కాని ఆగినవారిలో చివరకు జాము కొన్నది ఎందరు? 24 రకాల దగ్గర నూటికి ముగ్గురు. 6 రకాల దగ్గర ముప్పై మంది!

ఇంతమాత్రాన ఎక్కువైతే ఎప్పుడూ చెరుపేనని తొందరపడి అనకండి. తరువాత ఇతరులు చేసిన ప్రయోగాలలో చాలావాటిలో ఈ ఫలితం రాలేదు. 2010లో యాభై ప్రయోగాలను కలిపి లెక్కకడితే సగటు తేడా దాదాపు సున్న! 2015లో వెలువడిన మరొక పరిశీలన, తికమక ఎప్పుడు కలుగుతుందో వెదికింది. తనకు కావలసినదేమిటో ముందుగా తెలియనివాడు ఎక్కువ తికమకపడతాడని అందులో ఒక ముఖ్యమైన సంగతి. కొత్త ఊరిలో బస్సు దిగిన యాత్రికుడి స్థితి ఇదే కదా.

దీనికి ఉపాయాన్ని హెర్బర్ట్ సైమన్ 1956లోనే వివరించాడు. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవాడాయన. మనిషికి కాలమూ, సమాచారమూ, ఆలోచించే శక్తీ పరిమితమే. కనుక ముందు ఒక కొలత పెట్టుకొని, దానికి సరిపోయేది దొరకగానే వెదకటం ఆపుతాడు. సంతలో వంకాయలు కొనే మీ అమ్మగారిని గమనించండి. లేతగా, పుచ్చు లేకుండా, ధర అందుబాటులో ఉంటే బేరం ముగిస్తారు. సంతంతా తిరగరు.

యాత్రకు నేను పెట్టే కొలత ఇది: అక్కడ నిలబడితేనే జవాబు దొరికే ప్రశ్న మీ దగ్గర ఒకటి ఉండాలి. బొర్రానే తీసుకోండి. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లమవుతుంది. సున్నపురాతిని కరిగించుకుంటూ పగుళ్ళ గుండా దిగుతుంది. గుహ కప్పు దగ్గర గాలి తగలగానే ఆ వాయువు విడిపోయి, కరిగిన కాల్షియం కార్బొనేటు పొరగా పేరుకుంటుంది. పై నుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేల మీద నుంచి లేచేవి స్టాలగ్మైట్లు. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుందనుకుంటే, మీటరు పొడవుకు పదివేల ఏళ్ళు! నీరు కారుతున్న స్తంభం ఒకటి చూసుకొని, గడియారం పెట్టుకొని అయిదు నిమిషాలలో ఎన్ని చుక్కలు రాలాయో లెక్కపెట్టండి. మరొక చోట మళ్ళీ లెక్కపెట్టండి. తేడా ఎందుకు వచ్చింది? (చేతితో తాకకండి. చర్మం మీది జిడ్డు అంటితే ఆ చోట పెరుగుదల దెబ్బతింటుంది.) ఇది అరగంటలో అయ్యే పని కాదు. గుహలు నగరానికి సుమారు 90 కిలోమీటర్లు, కనుక ఒక రోజు దానికే పోతుంది. పోనివ్వండి.

"మళ్ళీ వస్తామో రామో, అన్నీ చూస్తే ఏం?" అని మీలో కొందరంటారు. ఈ మాటను నేను తేలికగా తీసుకోను. యాత్రకు డబ్బు కట్టటానికి కొన్ని ఇళ్ళలో ఎంత తడుముకుంటారో ఉపాధ్యాయులకు తెలుసు. కాని మళ్ళీ రాలేనివాడికే కదా, ఆ ఒక్కసారైనా తీరికగా చూడవలసిన అవసరం!

నలభై మంది నలభై మాటలంటే ఏం చేయాలి? ఒక్కొక్కరు ఒకే చోటుకు చేయి ఎత్తితే ఓట్లు చీలిపోతాయి. పదిమంది కోరినది నెగ్గుతుంది, ముప్పై మంది మొగం ముడుచుకుంటారు. అలాకాక, ఎవరికి ఎన్ని సమ్మతమైతే అన్నిటికీ చేయి ఎత్తమని మీ మాస్టారిని అడగమనండి. ఎక్కువమందికి సమ్మతమైన మూడింటిని నల్లబల్ల మీద ఉంచి, మిగిలిన ఏడింటినీ బస్సు ఎక్కకముందే తుడిచివేయండి.