గుర్రాలతో బతుకుతానంటే నవ్వకండి

మన క్యాంపస్‌లో ఎవరైనా గేమ్ డెవలపర్ అవుతానంటే సరే అంటారు. స్టార్టప్ పెడతానంటే ఐడియా ఏంటని అడుగుతారు. గుర్రాలతో పనిచేస్తానని ఒకసారి చెప్పి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత ఒకడు మలక్‌పేట రేసుల గురించి ఎత్తుతాడు. ఇంకొకడు పెళ్లి బారాత్‌లో గుర్రం పట్టుకుని నడుస్తావా అంటాడు. మనోళ్ల ఊహలో గుర్రానికి ఉన్నవి ఆ రెండు చోట్లే, జూదం, ఊరేగింపు.

నేను చెప్పాలనుకున్నవి రెండు మాటలు. గుర్రాలతో జీవితం కట్టుకోవడం కల కాదు, పని. ఆ పనిలోకి వెళ్లాలనుకునేవాళ్లకు గుర్రాల పుస్తకాలు టైంపాస్ కాదు, మొదటి పాఠం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా ఇంట్లో ఈ గొడవ నడుస్తోంది. మా చెల్లి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. వెటర్నరీ చదివి గుర్రాల డాక్టర్ అవుతానంటోంది. నాన్న వద్దనలేదు, "ఎంబీబీఎస్ రాకపోతే అప్పుడు చూద్దాంలే" అన్నారు. పెద్దమ్మ ఇంకాస్త సూటిగా, "గుర్రాల డాక్టరని పెళ్లిచూపుల్లో ఎలా చెప్పుకుంటామే" అంది. చెల్లికి అది మొదటి ఎంపిక. ఇంట్లోవాళ్లకు అది ఓడిపోయినవాళ్ల ఎంపిక. నాకు నచ్చనిది ఆ తేడానే.

ముందు పని సంగతి చూద్దాం. వెటర్నరీ డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు. మనకు తిరుపతిలోనూ రాజేంద్రనగర్‌లోనూ వెటర్నరీ యూనివర్సిటీలు ఉన్నాయి. ఆ డిగ్రీ ఉన్నవాళ్లను సైన్యంలోని రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ అధికారులుగా తీసుకుంటుంది. ఆ విభాగం 1779 నుంచి ఉంది. హర్యానాలోని హిసార్‌లో గుర్రాల మీదే పనిచేసే జాతీయ పరిశోధనా కేంద్రం ఉంది. పోలీసుల అశ్వదళాలు ఉన్నాయి, స్టడ్ ఫారాలు ఉన్నాయి, రైడింగ్ స్కూళ్లు ఉన్నాయి. వీటన్నిటి వెనక లాయంలో పొద్దున్నే లేచి దాణా పెట్టి, మాలిష్ చేసి, డెక్కలు శుభ్రం చేసే సైసులు ఉన్నారు. లాడాలు కొట్టేవాళ్లు ఉన్నారు. ఒక్క లాడం సరిగా పడకపోతే ఐదు వందల కిలోల జంతువు కుంటుతుంది. అది చిన్న నైపుణ్యం కాదు.

వీటిలో ఎక్కువమందికి తెలియని పని ఇంకోటి ఉంది. పాము కాటుకు మన ఆసుపత్రుల్లో ఎక్కించే మందు గుర్రాల నుంచే వస్తుంది. చాలా కొద్ది మోతాదులో విషాన్ని గుర్రానికి ఎక్కిస్తారు. నెలల తరబడి ఆ మోతాదు మెల్లగా పెంచుతారు. గుర్రం ఒంట్లో ఆ విషానికి విరుగుడుగా యాంటీబాడీలు తయారవుతాయి. దాని రక్తం తీసి, ప్లాస్మాను వేరు చేసి, శుద్ధి చేస్తే మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరలతో పాటు ఇంకో రకం పింజరకూ అదే మందు పనిచేస్తుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలమంది అని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో పొలం పనులు చేసుకునేవాళ్లే. అంటే చీకట్లో మోటార్ వేయడానికి వెళ్లిన రైతు ప్రాణం ఎక్కడో లాయంలో ఉన్న గుర్రం ఆరోగ్యం మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ గుర్రానికి రక్తం ఎంత తీయాలి, ఎప్పుడు ఆపాలి, దానికి నొప్పి పుడుతోందా లేదా అని చూసేది గుర్రాల డాక్టరే. పెద్దమ్మకు ఈ సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇక పుస్తకాలు. ఇంగ్లిష్ మీడియంలో చదవడం వల్ల నాకు గుర్రాల కథలు ఇంగ్లిష్‌లోనే దొరికాయి. మొదటిది బ్లాక్ బ్యూటీ. 1877లో వచ్చింది. రాసింది అన్నా సూయెల్ అనే ఇంగ్లండ్ మహిళ. పద్నాలుగేళ్లప్పుడు కాళ్లకు దెబ్బ తగిలి ఆమె మళ్లీ సరిగా నడవలేకపోయింది. ఎక్కడికెళ్లాలన్నా గుర్రబ్బండే దిక్కు. జీవితమంతా గుర్రాల మీద ఆధారపడ్డ మనిషి చివరి సంవత్సరాల్లో మంచం మీద ఉండి గుర్రం నోటితోనే ఆ కథ చెప్పించింది. మనం దాన్ని పిల్లల పుస్తకం అనుకుంటాం గానీ, ఆమె రాసింది గుర్రాలతో పనిచేసేవాళ్ల కోసం. అప్పట్లో డబ్బున్నవాళ్ల బండ్లకు కట్టే గుర్రాల తలలు షోకు కోసం పైకి లాగి పట్టే కళ్లెం ఒకటి ఉండేది. దాంతో గుర్రానికి మెడ వంచే వీలుండేది కాదు, ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి ఆడేది కాదు. ఆ కళ్లెం మీద జనం కోపం పెరగడానికి ఆ పుస్తకం ఒక పెద్ద కారణం. పుస్తకం వచ్చిన ఐదు నెలలకే సూయెల్ చనిపోయింది. ఆమె అంత్యక్రియలకు వచ్చిన బండ్ల గుర్రాలకు అదే కళ్లెం ఉంటే, వాళ్లమ్మ వాటిని తీయించిందని చెబుతారు.

ఆ పుస్తకంలో నాకు గుర్రం కంటే బాగా గుర్తుండిపోయింది అద్దె బండి తోలే జెర్రీ. అతను మంచోడే, కానీ పేదోడు. చలిలో, వానలో గిరాకీ కోసం నిలబడాలి. తోలేవాడి కష్టం తీరకుండా గుర్రం కష్టం తీరదని చదివేవాళ్లకు అర్థమవుతుంది. దాన్ని ఏ కెరీర్ గైడెన్స్ సెమినార్‌లోనూ నాకెవరూ చెప్పలేదు.

ఇంకో ఉదాహరణ డిక్ ఫ్రాన్సిస్. ఆయన ముందు జాకీ, తర్వాత రచయిత. 1956 గ్రాండ్ నేషనల్ రేసులో బ్రిటన్ రాణీమాత గుర్రం డెవన్ లాక్ మీద అందరికంటే ముందున్నాడు. గెలుపు గీతకు కొన్ని గజాల ముందు గుర్రం ఉన్నట్టుండి కూలబడింది. ఎందుకో ఈరోజుకీ ఎవరికీ తేలలేదు. మరుసటేడు ఆయన స్వారీ మానేశాడు, పత్రికకు రేసుల మీద రాశాడు, 1962లో మొదటి క్రైమ్ నవల తెచ్చాడు. తర్వాత దాదాపు నలభై నవలలు. లాయాలు, జాకీలు, పందాల మోసాలు అన్నీ లోపలి మనిషి రాసినట్టే ఉంటాయి. గుర్రాలతో కెరీర్ అంటే జీను మీద కూర్చోవడం ఒక్కటే కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వాల్టర్ ఫార్లీ అయితే బ్లాక్ స్టాలియన్ నవలను హైస్కూల్లో ఉండగానే మొదలుపెట్టాడు. 1941లో అది అచ్చయ్యేనాటికి ఆయన కాలేజీ కుర్రాడు. మనలాంటోడే.

తెలుగులో లేవా అంటే, పాత సాహిత్యంలో బోలెడు. విరాటుడి కొలువులో నకులుడు దాక్కున్నది గుర్రాలు చూసుకునేవాడిగానే. ఆముక్తమాల్యదలో రాయలవారు రాజనీతి చెబుతూ, దూరద్వీపాల నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులను దగ్గరకు తీసి మంచి లాభం దక్కేలా చూడాలంటారు. ఎందుకంటే, ఆ గుర్రాలు శత్రువుకు చేరకూడదు కదా. ఆయన తమ్ముడు అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజు ఏటా పదమూడు వేల గుర్రాలు కొంటాడని రాశాడు. అప్పట్లో గుర్రం తెలిసినవాడు రాజ్యానికి అవసరమైన మనిషి.

సీఎస్ఈ వాళ్లకు బాగా నచ్చేది మాత్రం నలుడి కథ. నలుడు బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు రథం తోలుతుంటాడు. దారిలో రాజు ఒక తాండ్ర చెట్టును చూసి దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు రథం ఆపి చెట్టు కొట్టి లెక్కపెడితే సరిపోతుంది. రాజుకు తెలిసింది అక్షహృదయం, అంటే పాచికల, లెక్కల రహస్యం. నలుడికి తెలిసింది అశ్వహృదయం, గుర్రం మనసు. ఒకరికొకరు నేర్పుకుంటారు. లెక్కలు తెలిసినవాడు గుర్రం తెలిసినవాడిని సమానంగా చూసి బేరం కుదుర్చుకున్నాడు. మన క్లాసులో ఆ బేరం ఇప్పుడు ఎందుకు కుదరదు?

నిజానికి మనకు గుర్రం దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. గత శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో క్లెవర్ హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద సంచలనం. కూడిక అడిగితే డెక్కతో అన్నిసార్లు కొట్టేది. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి తేల్చిందేంటంటే, దానికి లెక్కలు రావు. అడిగే మనిషి తల, మొహంలో వచ్చే అతి చిన్న కదలికలు చూసి ఆపాల్సిన చోట ఆపేది. అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రం కూడా తప్పేది.

2019లో ఈ గుర్రం పేరుతోనే మెషీన్ లెర్నింగ్‌లో ఒక పరిశోధన వచ్చింది. బొమ్మలో గుర్రం ఉందో లేదో చక్కగా చెప్పే ఒక మోడల్‌ను విప్పి చూస్తే, అది గుర్రాన్నే చూడటం లేదు. గుర్రాల ఫోటోల అడుగున ఉన్న కాపీరైట్ అక్షరాలను చూస్తోంది. అవే అక్షరాలు కారు ఫోటో మీద అతికిస్తే కారును కూడా గుర్రమంది! అక్యురసీ బాగానే ఉంది కదా అని వదిలేస్తే ఏమవుతుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. ఇప్పుడు వీడియోలో గుర్రం నడక చూసి కుంటును ముందుగా పట్టే సాఫ్ట్‌వేర్లు వస్తున్నాయి. వేటాడే జంతువుల నుంచి పారిపోయి బతికిన జాతి కాబట్టి గుర్రం నొప్పిని దాచుకుంటుంది. దాన్ని పట్టాలంటే కోడ్ ఒక్కటే చాలదు, గుర్రం తెలిసినవాళ్లు పక్కన ఉండాలి.

ఇటువైపు వాదన బలమైందే, దాటేయను. మన దేశంలో గుర్రాలు తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో ఆరు లక్షల పైన ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 2019కి 3.4 లక్షలయ్యాయి. జట్కాబండి పోయింది, మళ్లీ రాదు. అశ్వక్రీడ ఖరీదైంది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ జట్టు మనకు 41 ఏళ్ల తర్వాత ఈ క్రీడలో స్వర్ణం తెచ్చింది, కానీ ఆ జట్టువాళ్లు యూరప్ వెళ్లి శిక్షణ తీసుకోగలిగారు. మధ్యతరగతి పిల్లకు ఆ దారి లేదు. ఒప్పుకుంటాను.

కానీ మా చెల్లి పతకం అడగడం లేదు. ఉన్న 3.4 లక్షల గుర్రాలకు డాక్టర్లు కావాలి కదా అంటోంది. వాటిలో చాలా వరకు రేసు గుర్రాలు కావు. ఇటుకబట్టీల్లో, యాత్రాస్థలాల్లో, బీచ్‌లలో బరువు మోసేవి. వాటి మీద బతికే కుటుంబానికి గుర్రం పోతే ఆదాయం పోయినట్టే. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే దానికి కడుపునొప్పి వస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు దగ్గర్లో ఆ విషయం తెలిసిన డాక్టర్ ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న. ఇక సీట్ల మాటకొస్తే, మన బ్రాంచిలో ఒక్కో ఏడాది ఎంతమంది బయటికొస్తున్నారో లెక్కేసుకుంటే, డిమాండ్ తక్కువన్న మాట మనం అనకూడదు.

రౌతు కొద్దీ గుర్రం అని సామెత. గుర్రం ఎలా నడుస్తుందో ఎక్కినవాడిని బట్టి ఉంటుందని. కెరీర్‌కి కూడా అంతే అనిపిస్తుంది. ఇష్టంగా ఎక్కినవాళ్లకు ఒకలా, వేరేది దొరక్క ఎక్కినవాళ్లకు ఇంకోలా నడుస్తుంది. అందుకే మొదటి ఎంపికను మొదటి ఎంపికగానే రాయనివ్వండి.

మన క్లబ్‌కి ఒక విన్నపం. లైబ్రరీలో మన తెలుగు బీరువాలో గుర్రం మీద ఒక్క ఆధునిక నవల కోసం వెతికాను, దొరకలేదు. పోలీసు గుర్రాలు చూసుకునే సైసునో, విశాఖ బీచ్‌లో గుర్రం తిప్పే కుర్రాణ్నో కలిసి ఎవరైనా రాస్తే వచ్చే సంచికలో వేయండి. ఎవరూ రాకపోతే నేనే వెళ్తాను. కౌన్సెలింగ్‌కి ఇంకా టైముంది, ఇంట్లో వాదన సాగుతూనే ఉంది. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఏదైనా నడుస్తుంటే, గుర్రం ఉన్న చోట మీకు కావాల్సిన మాట పెట్టుకుని ఈ వ్యాసం ఫ్యామిలీ గ్రూపులో వేసేయండి.